ఏడుపు వినబడని బాలవాడి

నాగరత్నమ్మ ఏడేళ్ళపాటు పసిపిల్లల బళ్ళకు పెద్దదిక్కుగా ఉంది. ఆ ఏడేళ్ళలో, ఒక్క రోజు తప్పిస్తే, ఒక్క పసిబిడ్డనైనా చంకనెత్తుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు వినేవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుందేమో గానీ, జమ్మలమడుగులో ఆమెను ఎరిగినవాళ్ళెవరికీ ఇందులో వింతేమీ కనిపించలేదు.

ఆమె పుట్టింది పురోహితుల ఇంట. మెట్టింది బోర్డు స్కూలు పంతులు విశ్వేశ్వరయ్య ఇంట. ఆమెకు ఇరవై రెండో ఏట ఆయన విషజ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. తాలూకాఫీసులో గుమాస్తాగా ఉన్న అన్న వరదరాజులు చెల్లెలిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని ఊరుకోక ఎనిమిదో తరగతి పరీక్ష రాయించాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండేళ్ళకు బ్లాకు ఆఫీసులో ముఖ్యసేవిక ఉద్యోగం ఉందని తెలిస్తే ఆయనే అర్జీ పెట్టించాడు. ఉద్యోగం వచ్చింది. ఊళ్ళలో బాలవాడీలు తెరిపించాలి, వాటికి టీచరమ్మలను వెతికి పెట్టాలి, పెట్టినవాళ్ళను నిలబెట్టుకోవాలి. ఇదీ పని.

వదిన రాధమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "తిరిగితే తిరుగు నాగరత్నా. కానీ ఎవరెవరి పిల్లలనో ముట్టుకొని వచ్చి నా మడి వంటింట్లో కాలు పెట్టొద్దు."

నాగరత్నమ్మ ఆ షరతును పాటించడమే కాదు, అందులో ఆరితేరింది. ఏ ఊరు వెళ్ళినా తన చెంబు తనది, తన చాప తనది. పిల్లలు దగ్గరికి పరిగెత్తి వస్తే గొడుగు అడ్డం పెట్టి, "నమస్తే చెప్పండి, అక్కడినుంచే చెప్పండి" అనేది. శిశు సంక్షేమాన్ని చేతికంటకుండా నడిపిన మనిషి ఆమె. అట్లని మనసు లేని మనిషి కాదు. ఇంటికి వచ్చి తలస్నానం చేసి, తడి జుట్టుతోనే కూర్చుని ఏ పిల్లకు కళ్ళకలక వచ్చిందో, ఏ పిల్లవాడికి కడుపు ఉబ్బిందో కాగితం మీద రాసుకునేది.

అసలు చిక్కంతా టీచరమ్మలతోనే. చదువుకున్న ఆడది పల్లెకు రాదు, పల్లెలో ఉన్న ఆడదానికి చదువు రాదు. ఇచ్చేదాన్ని జీతం అనకూడదు, గౌరవవేతనం అనాలని పైనుంచి కాగితం వచ్చింది. అందులో గౌరవమూ లేదు, వేతనమూ లేదు. పులివెందుల నుంచి ఒక పిల్లను బతిమాలి తీసుకొస్తే, పిల్లల ముక్కులు తుడవాలా అని తొమ్మిదో రోజున పెట్టె సర్దుకుంది. ఖాజీపేట నుంచి వచ్చిన గుమాస్తా భార్య మూడు నెలలు బాగానే చేసింది. అంతలో మొగుడికి బదిలీ అయింది. మంచి టీచరును వెతకడం ఒక ఎత్తు అయితే, దొరికినదాన్ని నిలబెట్టుకోవడం పది ఎత్తులని నాగరత్నమ్మకు మొదటి ఏడాదే తెలిసొచ్చింది. తెలిసి కూడా చేసింది చూడండి, అదే నాకు ఒళ్ళు మండించేది.

ఉప్పరదిన్నె బాలవాడికి జైబున్నీసా దొరకడం నాగరత్నమ్మ చేసుకున్న అదృష్టం. ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే షంషుద్దీన్ చెల్లెలు. ముప్పై ఏళ్ళు దాటినది. మొగుడు వదిలేసి వెళ్ళాడు. ఐదో తరగతి చదివింది. అంతకుముందు పత్తి జిన్నింగు మిల్లులో పని చేసింది. అర్జీలో 'సంతానం' అన్నచోట 'లేరు' అని తన చేత్తోనే రాసుకుంది నాగరత్నమ్మ. ఆపైన ఇంకేమీ అడగలేదు.

బాలవాడికి మూడేళ్ళు నిండినవాళ్ళే రావాలని రూలు. ఉప్పరదిన్నెలో రూలు ఎవరిక్కావాలి? చెనిక్కాయల కలుపుకు, అదే వేరుశనగ చేలల్లో కలుపు తీతకు, పోయే తల్లులు చంకబిడ్డలనూ, తప్పటడుగులవాళ్ళనూ తెచ్చి గడపలో దించేసి పోయేవాళ్ళు. మొదటి నెలలో వాళ్ళు తెచ్చిన పిల్లలు చాలామంది మగతగా వేళ్ళాడుతూ వచ్చేవాళ్ళు. పొలం గట్టు మీద బిడ్డ ఏడిస్తే పని సాగదు, మేస్త్రీ ఊరుకోడు. అందుకని పొద్దున్నే ఆవగింజంత నల్లమందు చనుమొనకు రాసి పాలిచ్చేవాళ్ళు. బిడ్డ సాయంత్రం దాకా నిద్రపోయేది. వాళ్ళ అమ్మలూ అట్లే పెట్టారు, అమ్మమ్మలూ అట్లే పెట్టారు.

జైబున్నీసా గడపలో కూర్చుని ఒక్కో బిడ్డనూ అందుకునేటప్పుడు ముద్దు పెట్టుకున్నట్టుగా నోటి దగ్గర వాసన చూసేది. చేదు వాసన తగిలితే ఆ బిడ్డ ఆ రోజంతా ఆమె భుజం మీదే. తడిగుడ్డతో ముఖం తుడుస్తూ, అరికాళ్ళు రుద్దుతూ, బాలవాడి కొట్టంలో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా తిరుగుతూ నిద్రపోనిచ్చేది కాదు. తల్లిని పల్లెత్తు మాట అనేది కాదు. సాయంత్రం బిడ్డను చేతికిస్తూ, "రేపు పెట్టకుండా తీసుకరా అక్కా. ఏడిస్తే ఏడ్సనీ. ఆ ఏడుపు నాకిడ్సి నువ్వు కలుపుకు పో" అనేది.

మానిపించడం మాటలు కాదు. మందు ఆగిన పిల్లలు మూడు నాలుగు రోజులు గుక్క తిప్పుకోకుండా ఏడ్చేవాళ్ళు. విరేచనాలయ్యేవి. ఆ కొట్టంలో ఏడుపులు వీధి చివరకు వినిపించేవి. నాగరత్నమ్మ ఒకసారి గుమ్మం బయట చాప వేసుకుని కూర్చుని, "ఏమిటే జైబున్నీసా ఈ గోల, ఎవరన్నా వింటే పిల్లలను కొడుతున్నావనుకుంటారు" అంది.

"ఏడిసే బిడ్డ బతికుండే బిడ్డ గదమ్మా. సప్పుడు లేకుంటేనే నాకు బయమేస్తాది" అంది జైబున్నీసా.

ఏడాదిన్నరకు ఉప్పరదిన్నెలో నల్లమందు దాదాపు ఆగిపోయింది. ఆగినట్టు ఏ రికార్డులోనూ లేదు, ఎందుకంటే ఉన్నట్టే రికార్డులో లేదు. పిల్లలకు బుగ్గలు వచ్చాయి. రెండేళ్ళు నిండినా నిలబడలేని వెంకటసుబ్బడు గోడ పట్టుకుని నడిచాడు. నాగరత్నమ్మ తన పరిధిలోని పదకొండు ఊళ్ళలో ఉప్పరదిన్నె పేరు చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెంచేది. "నా జైబున్నీసా" అనేది ఇంట్లో అన్నతో.

బాలవాడి నడిచే కొట్టం వెంకటమ్మది. ఆ ఊరి పెద్ద రెడ్డి భార్య. మహిళామండలి అధ్యక్షురాలు కూడా ఆమే. ఊళ్ళో ఇంకొకరు ఎట్లా అవుతారు? చెనిక్కాయలు పోసుకునే కొట్టాన్ని పిల్లలకని ఇచ్చింది. ఇచ్చిన సంగతి ఎప్పుడూ మరిచిపోనివ్వలేదు.

యాభై ఎనిమిదిలో హైదరాబాదు నుంచి ఒక పెద్దాఫీసరమ్మ బాలవాడీలు చూడటానికి వస్తోందని కబురు వచ్చింది. కూడా ఫోటోలు తీసే మనిషి ఉంటాడట. మంచి బాలవాడి ఏదంటే నాగరత్నమ్మ ఏం ఆలోచించకుండా ఉప్పరదిన్నె పేరు రాసింది. అది తెలిసి వెంకటమ్మ బండి కట్టించుకుని జమ్మలమడుగుకే వచ్చింది.

"నాగరత్నమ్మా, మా నిర్మలకు పులివెందుల సంబంధం మాట్లాడతాండాం. శానా పెద్దోళ్ళు. పిల్ల సంఘసేవ చేస్తాందంటే వాళ్ళకు గొప్ప. ఆ పొద్దు ఒక్కనాడు మా నిర్మల టీచరు కుర్చీలో కూర్చుంటాది. పోటో తీపిచ్చుకుంటాది. అంతే. నీ సాయిబులామె ఆ పక్కన ఆయాగా నిలబడితే ఏం పాయె?"

"జైబున్నీసా మంచి టీచరు కదమ్మా, అది ఆమె కష్టం" అంది నాగరత్నమ్మ.

"నేనెవుర్నీ తీసెయ్యమనలేదే. ఒక్కనాడు. ఈ సారి చెనిక్కాయలు దండిగా పండినాయి, యాడ పోసుకోవాల్నో అని మా ఆయన కొట్టం పక్క సూస్తాండాడు. నేనే ఆపుతాండా."

అంతే.  బండెక్కి వెళ్ళిపోయింది.

నాగరత్నమ్మ ఆ రాత్రి తనకు తాను చాలా చెప్పుకుంది. కొట్టం పోతే బాలవాడి పోతుంది, బాలవాడి పోతే జైబున్నీసాకు నీడే ఉండదు. ఒక్కరోజు తగ్గితే ఆమె మంచికే. ఇట్లా చెప్పుకుని చెప్పుకుని, తెల్లారేసరికి అది తనకు న్యాయంగానే తోచింది. కొట్టం పోతే గుడి మండపంలో నడపొచ్చు, ఇంకో రైతును అడగొచ్చు. కానీ అడిగే ఓపిక ఎవరికి?

జైబున్నీసాకు చెబితే తల వంచుకుని వింది. "నిలబడేదానికేమమ్మా, నిలబడతా. పిల్లోళ్ళకు తెలవదు గదా. వాళ్ళు నా కాడికే వస్తారు" అంది.

ఆ మాట వెంకటమ్మకూ తట్టింది. తట్టడమే కాదు, ముందురోజు నిర్మలను కొట్టంలో కూర్చోబెట్టి చూసింది. పట్టుచీర, పౌడరు ముఖం చూసి పిల్లలు బావురుమన్నారు. ఒకడు నిర్మల ఒడిలో తడిపేశాడు. మిగిలినవాళ్ళు పాకుకుంటూ వెళ్ళి జైబున్నీసా కొంగు పట్టుకున్నారు. వెంకటమ్మ ఇంటికి వెళ్ళి, సాయంత్రం తన పొలంలో పనిచేసే తల్లులందరినీ ఇంటి వెనక్కి పిలిపించింది.

మర్నాడు ఆఫీసరమ్మ జీపు వచ్చేసరికి కొట్టం అద్దంలా ఉంది. అలికి ముగ్గులేశారు. ఇరవై ముగ్గురు పిల్లలు రెండు వరసల్లో, కొందరు గోడకానుకుని, కొందరు చాపల మీద పడుకుని, చిన్న శబ్దం కూడా లేకుండా ఉన్నారు. నిర్మల కుర్చీలో కూర్చుని ఉంది. నాగరత్నమ్మ ఇంతకాలంలో ఈ కొట్టాన్ని ఇంత ప్రశాంతంగా చూడలేదు.

జైబున్నీసా వెనకనుంచి వచ్చి ఆమె చెవి దగ్గర వంగింది. 

"అమ్మా, పిల్లోళ్ళకు పెట్టినారు. అందరికీ పెట్టినారు. వెంకటసుబ్బడు కండ్లు తెరిసినా సూడడంలే. నువ్వొక్కసారి వచ్చి వాసన సూడమ్మా."

నాగరత్నమ్మ పిల్లల వైపు చూసింది. సగం మూసిన కళ్ళు, వేళ్ళాడే పెదవులు. వాసన చూడాల్సిన పనేముంది? చూడగానే తెలిసింది. జీపు దిగుతున్న ఆఫీసరమ్మ వైపు చూసింది. దండ పట్టుకుని ఎదురు వెళ్తున్న వెంకటమ్మ వైపు చూసింది.

"అరగంట. అరగంట ఓపిక పట్టవే జైబున్నీసా. ఆమె పోనీ" అంది.

జైబున్నీసా ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి వెనక్కి తగ్గింది. ఆఫీసరమ్మ చూసింది, మెచ్చుకుంది. ఫోటోలు తీశారు. సందర్శకుల పుస్తకంలో ఇంత క్రమశిక్షణ గల పసిపిల్లలను తాను ఎక్కడా చూడలేదని, టీచరు నిర్మల కృషి అభినందనీయమని రాసి సంతకం పెట్టింది. అందరూ వెంకటమ్మ ఇంటికి ఫలహారాలకు వెళ్ళారు. అరగంట కాస్తా రెండు గంటలైంది.

నాగరత్నమ్మ తిరిగి వచ్చేసరికి జైబున్నీసా పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని భుజాన వేసుకుని తిరుగుతోంది. తల తడిసి, రవిక తడిసి ఉంది. ఒక్కరినీ వదలకుండా సాయంత్రం దాకా అట్లే తిరిగింది. చివరికి వెంకటసుబ్బడు కెవ్వుమని ఏడ్చాక వాణ్ణి తల్లికి ఇచ్చి, చేతులు కడుక్కుని, తన గుడ్డసంచి తీసుకుంది.

"పోతాండానమ్మా" అంది. ఎక్కడికే అని నాగరత్నమ్మ అడుగుతుండగానే ప్రొద్దుటూరు బస్సెక్కింది.

ఆ తర్వాత కథ చెప్పాలంటే నాకు నోరు చేదెక్కుతుంది. ఆఫీసరమ్మ రాతను బట్టి పైన రికార్డుల్లో ఉప్పరదిన్నె టీచరు నిర్మల అయింది. ట్రైనింగు సీటు ఆమె పేరిట వచ్చింది. జైబున్నీసా పేరు ఆయా అన్నచోట ఎక్కింది. దిద్దించాలని నాగరత్నమ్మ మూడు ఉత్తరాలు రాసి, మూడింటినీ పెట్టెలోనే ఉంచుకుంది. నిర్మల ట్రైనింగుకు పోనూ లేదు, నాలుగో నెలలో పులివెందులకు కాపురానికి పోయింది. ఆమె వెనక ఇద్దరు వచ్చారు, ఇద్దరూ పోయారు. ఆఖరికి వెంకటమ్మ తన దూరపు చుట్టం, చింతపండు గింజలు తీసుకుంటూ పొద్దు పుచ్చే ఒక ముసలామెను కూర్చోబెట్టింది. సంతకం చేయడం మాత్రం వచ్చు ఆమెకు.

ఏడాది తర్వాత నాగరత్నమ్మ ప్రొద్దుటూరు వెళ్ళింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. షంషుద్దీన్ అంగడి వెనక వసారాలో జైబున్నీసా పరుపు కుడుతోంది. నాగరత్నమ్మ ముందుగా రికార్డు గురించి చెప్పింది, దిద్దిస్తానంది. టీచరుగానే వేయిస్తానంది. వెంకటమ్మతో గట్టిగా మాట్లాడతానంది.

జైబున్నీసా సూది ఆపలేదు. "నన్ను ఆయా అంటే ఏమమ్మా, టీచరంటే ఏమమ్మా. దానికా నేను వచ్చేసింది?"

"మరి?"

"నాకొక ఆడబిడ్డ ఉండె. ఏడు నెల్లది. జిన్నింగు మిల్లులో పని జేస్తా, పత్తి బస్తాల కాడ పండబెట్టేదాన్ని. అందురూ పెడతాండారని నేనూ పెడితి. ఆ పొద్దు బస్తాలు తూకమేసేది అరగంటలో అయిపోతాది, అయినాంక పోయి సూద్దామనుకుంటి. పోయి సూస్తే సల్లగా ఉంది." దారం కొరికింది. "నువ్వు గుడ అరగంటే అన్నావు."

అర్జీలో 'లేరు' అని తాను రాసిన అక్షరాలు నాగరత్నమ్మ కళ్ళ ముందు కదిలాయి. ఏడాదిన్నర కాలంలో ఒక్కసారైనా, ఎందుకే నీకు ఇంత పట్టుదల అని అడిగి ఉంటే! అడగలేదు. మంచి పనిమనిషి దొరికినప్పుడు మనం అడిగేది పనేగా, మనిషిని కాదు.

"నాకు తెలియదే" అంది.

"తెలిస్తే ఆ పొద్దు వాసన సూసేదానివా?" అంది జైబున్నీసా. కోపంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నాగరత్నమ్మ లేచి వచ్చేసింది.

అరవై రెండు శ్రావణంలో ఆమె చెప్పాపెట్టకుండా ఉప్పరదిన్నె వెళ్ళింది. కలుపుల కాలం. బస్సు దిగి వీధిలోకి మళ్ళితే ఏమీ వినబడలేదు. కొట్టంలో ముసలామె గింజలు తీస్తోంది. ఆమె చుట్టూ పదిహేను మంది పిల్లలు వరసగా నిద్రపోతున్నారు. గోడకు ఆఫీసరమ్మ రాసిన మాటలను అద్దం కట్టించి తగిలించారు.

నాగరత్నమ్మ చాప వేసుకోలేదు. గొడుగు గడపలో పడేసింది. గుమ్మానికి దగ్గరగా ఉన్న చంటిబిడ్డ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి ఒక పసిదాని నోటి దగ్గరికి ముఖం వంచింది. పాలవాసన. దాని కింద చేదు. రెండు చేతులూ కింద పెట్టి ఎత్తింది. తల వెనక్కి వాలిపోయింది.

"మెడ కింద సెయ్యి పెట్టమ్మా, మెడ కింద! బిడ్డనెత్తుకునేది గుడ తెలవదా?" అంది ముసలామె నవ్వుతూ.

ఏడేళ్ళ ముఖ్యసేవిక మెడ కింద చేయి పెట్టుకుంది. భుజాన వేసుకుని ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచింది. తడిగుడ్డతో ముఖం తుడిచింది, అరికాళ్ళు రుద్దింది. జైబున్నీసా ఏదో పాడేది, ఆ పాట గుర్తు రాలేదు. ఇంట్లో తెలిసిన మంగళహారతులే పాడింది. మధ్యాహ్నం దాటింది. మిగిలిన పద్నాలుగు మంది అట్లే పడి ఉన్నారు. ఒక్కదానికే రెండు చేతులూ చాలలేదు. పొద్దు వాలేటప్పుడు బిడ్డ కళ్ళు తెరిచి, ముఖం ఎర్రగా చేసుకుని గుక్కపట్టి ఏడ్చింది. నాగరత్నమ్మకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు.

బిడ్డ తల్లి పొలం నుంచి అప్పుడే వచ్చింది. లక్ష్ముమ్మ ఆమె పేరు. కొడవలి గడపలో పెట్టి, ఏడుస్తున్న బిడ్డను చూసి కంగారు పడింది.

"ఎవురు లేపినారు? నేనింగ పోయి సంగటి కెలకాల, గొడ్లకు నీళ్ళు పెట్టాల. ఇది ఇట్ల ఏడిస్తే నేనెట్ల జేతు?"

"దీనికి మందు పెట్టొద్దే లక్ష్ముమ్మా. ప్రాణం మీదికి వస్తుంది."

"నాకు తెలవదా? జైబున్నీసమ్మ ఉండగా మేమెవురూ పెట్టలే. ఎత్తుకుండేవాళ్ళుంటే ఎవురు పెడతారమ్మా ఇసం? రేపు వస్తావా నువ్వు, దీన్ని ఎత్తుకుండేదానికి?"

రేపు నాగరత్నమ్మకు ముద్దనూరు పక్క ఊరిలో మహిళామండలి సమావేశం ఉంది. ఎల్లుండి ఆఫీసులో ఉండాలి. 

లక్ష్ముమ్మ కొంచెంసేపు చూసి, బిడ్డను ఆమె భుజం మీద నుంచి తీసుకుంది. బొడ్లో దోపుకున్న చిన్న గుడ్డమూట విప్పుతూ గోడ వైపు తిరిగి కూర్చుంది.

నాగరత్నమ్మ గొడుగు తీసుకుని నడిచింది. ఆ ఏడుపు బస్సు దాకా తన వెంట వస్తుందనుకుంది. వీధి మలుపు తిరగకముందే ఆగిపోయింది.